మిద్దె మోయు బరువు

తంబళ్లపల్లె, మదనపల్లె ప్రాంతముల పాతకాలపు మిద్దెలు మనమెరిగినవే. రాతిగోడలపై దూలములు, వాటిపై దంతెలు, ఆపై బండలు, బండలపై మన్ను. అట్టి ఇల్లు వేసవిలో చల్లగా నుండును. ఆ చల్లదనమునకై దూలము రాత్రింబగళ్లు ఎంత బరువు మోయుచున్నదో మనము లెక్క చూడము.

ఇంటిలోని బరువులు రెండు విధములు. మనుష్యులు, ధాన్యపు మూటలు వచ్చిపోవు బరువులు. గోడలు, కప్పు ఎన్నడును తొలగని బరువులు. వీనిని స్థిరభారమందురు, ఇంజనీర్ల వాడుకలో డెడ్ లోడు. మన దేశమున ఈ లెక్కలకై ఐ.ఎస్. 875 అను ప్రమాణము 1957లో వెలువడినది. 1987లో సవరించిన దాని మొదటి భాగమున గృహనిర్మాణ పదార్థముల బరువులు పట్టికలుగా నున్నవి.

ఉజ్జాయింపుగా ఘనపుటడుగు కొండరాయి 76 కిలోలు, ఇనుప కడ్డీల కాంక్రీటు 71, ఇటుక కట్టుబడి 54, పొడిమన్ను 45, బాగుగా నానిన మన్ను 57 కిలోలు తూగును.

పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గదిని తీసికొందము. మూడంగుళముల మందపు బండలు 1,900 కిలోలు. అరడుగు పొడిమన్ను 2,250 కిలోలు. మొత్తము నాలుగు టన్నులకు పైమాటే. ముసురు పట్టి మన్ను నానినచో మరి 600 కిలోలు చేరును. పదిమంది మిద్దెపై కెక్కినట్లే. మనుష్యులైన దిగివత్తురు, మన్ను పీల్చిన నీరు అంత త్వరగా దిగిపోదు.

కారుచున్న మిద్దెపై వానలకు ముందు కొత్తమన్ను పోయుట మన అలవాటు. రెండంగుళములు పోసిన 750 కిలోలు. పాతది తీయక నాలుగు మార్లు పోసిన మూడు టన్నులు. దూలమా, చెదలకును తడికిని ఏటికేడు క్షీణించుచుండును. 2021 నవంబరులో రాయలసీమను ముంచెత్తిన వానలలో పాత ఇండ్లు అనేకము కూలినవి. వానరాత్రి మిద్దె కూలుట దైవవశమని సరిపెట్టుకొనరాదు.

కనుక పాతమన్ను గీకి ఎత్తిన పిమ్మటనే కొత్తది పోయవలెను. నీరు పోవు తూములు శుభ్రముగా నుంచవలెను. గోడలోనికి చొచ్చిన దూలపు కొనలను ఏటేట పొడిచి చూడవలెను. దూలము వంగినను, పగులు కనిపించినను ఆ గదిలో ఎవ్వరును పరుండరాదు.

పాతగోడలపై మేడగది లేపదలచిన వారికి మరియొక మాట. తొమ్మిదంగుళముల ఇటుక గోడలు, నాలుగంగుళముల కాంక్రీటు కప్పు కలిసి అట్టి గది పదునెనిమిది టన్నులు దాటును. మొదట ఇంజనీరునకు పునాది చూపి, పిదపనే ఇటుక తెప్పింపవలెను.