బెల్లం తీపిని పసిగట్టిన గాజు గొట్టం

బెల్లం ముక్క నోట్లో పడగానే నాలుక మీది రుచికణాల్లో కరెంటు పుడుతుంది. కణపొరలోని ఒక్కో ద్వారం గుండా పారేది ఒకటి రెండు పికోయాంపియర్లు, అంటే ఆంపియర్‌లో లక్ష కోట్ల వంతు. చెరకు మీద పరిశోధన అనకాపల్లిలో 1913 నుంచే సాగుతోంది. ఆ చెరకు బెల్లమై నాలుకను తాకినప్పుడు ఒక్క ద్వారంలో ఏం జరుగుతుందో చూపగల పరికరం మాత్రం 1976 దాకా ఎక్కడా లేదు.

ఆ పరికరం పేరు ప్యాచ్ క్లాంప్. జర్మనీలోని గోటింగెన్‌లో ఎర్విన్ నేయర్, బెర్ట్ సాక్‌మన్ తయారు చేశారు. వేడిచేసి సాగదీసిన గాజు గొట్టం, దాని కొన వెడల్పు మిల్లీమీటరులో వెయ్యో వంతు. గొట్టంలో ఉప్పునీరు, అందులో వెండి తీగ, తీగ చివర ఆంప్లిఫయర్. కొనను కణం మీద ఆనిస్తే దాని కిందికి వచ్చిన కాస్త పొరలో ఒకటో రెండో ద్వారాలు, అంటే ఛానళ్లు, ఉంటాయి. అవి తెరుచుకుంటే కరెంటును చూపే గీత పైకి లేస్తుంది, మూసుకుంటే దిగుతుంది. కప్ప కండరం మీద వాళ్లు మొదట చూసింది ఇదే.

చిక్కల్లా గాజుకూ పొరకూ మధ్య మిగిలే సందుతోనే. అందులోంచి కారిపోయే కరెంటు రొదలో ఛానల్ సంకేతాన్ని పట్టుకోవడం, వేలంపాట జోరు మీదున్న బెల్లం మార్కెట్లో గుసగుస వినడం లాంటిది. 1980లో దారి దొరికింది. ప్రతిసారీ శుభ్రమైన కొత్త గొట్టం తీసుకుని, కొన ఆనించాక మెల్లగా లోపలికి పీలిస్తే పొర గాజుకు గట్టిగా అతుక్కుపోతోంది. 5 కోట్ల ఓమ్‌లున్న ఆ అతుకు నిరోధం వెయ్యి కోట్ల ఓమ్‌లు దాటింది. ఈ పరికరం చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. ఖరీదైన భాగమేదీ చేర్చలేదు. కాస్త పీల్చారు, అంతే. 1991లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

1981లో ఈ పద్ధతితోనే అదే బృందంలోని అలెన్ మార్టీ అడ్రినల్ గ్రంథి కణాల్లో ఒక పెద్ద పొటాషియం ఛానల్‌ను పట్టుకున్నాడు. కణం లోపల కాల్షియం పెరిగితే అది తెరుచుకుంటుంది. ఇలాంటి ద్వారాలున్నాయనడానికి హంగరీ శాస్త్రవేత్త గార్డోస్ 1958లోనే ఎర్ర రక్తకణాల్లో ఆనవాళ్లు చూశాడు. నాడీకణాల్లో వీటి పని చాలా ముఖ్యం. విద్యుత్ స్పందన రాగానే కాల్షియం లోపలికి వస్తుంది, ఈ ఛానళ్లు తెరుచుకుంటాయి, పొటాషియం బయటికి పోతుంది, కణం నెమ్మదిస్తుంది. ఇవి లేకపోతే నాడి ఉద్రేకానికి అదుపు తగ్గుతుంది.

నాలుకలో కాల్షియం పని ఇందుకు పూర్తిగా ఎదురు. అక్కడ అది కణాన్ని రెచ్చగొడుతుంది. తీపి అణువు గ్రాహకానికి తగలగానే కణం తన గదుల్లో దాచుకున్న కాల్షియాన్ని వదులుతుంది. చెరకు రసంలో మడ్డి తీయడానికి వేసే సున్నంలోని కాల్షియానికీ దీనికీ సంబంధం లేదు, ఇది కణం సొంత నిల్వ. ఆ కాల్షియం టీఆర్‌పీఎం5 అనే ఛానల్‌ను లోపలి వైపు నుంచి తెరుస్తుంది. తెరిచేది తానే అయినా ఆ దారిన తాను పోలేదు. సోడియం లోపలికి దూసుకొస్తుంది.

కాల్షియం ఈ ఛానల్‌ను తెరుస్తుందని 2003లో ప్యాచ్ క్లాంప్‌తోనే తేలింది. అమెరికాలో ఎమిలీ లిమన్ బృందం, మరి రెండు బృందాలు విడివిడిగా ఈ ఛానల్ గుణాన్ని కొలిచాయి. పీల్చి పట్టిన పొర ముక్కను కణం నుంచి ఊడబెరికితే దాని లోపలి ముఖం బయటికి వస్తుంది. ఆ ముఖానికి తగిలే నీటిలో కాల్షియం పెంచుతూ పోతే ఛానల్ ఎప్పుడు తెరుచుకుంటుందో కళ్లెదుటే కనిపిస్తుంది.

సోడియం తెచ్చిన ఆ ఊపుకు రుచికణం ఏటీపీని బయటికి వదులుతుంది, నాడి దాన్ని అందుకుంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కండరంలో గుర్తించిన అణువే ఈ ఏటీపీ. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నాడు. కణానికి శక్తినిచ్చే ఆ అణువే రుచి కబురునూ మోస్తుందని 2005లో రుజువైంది.

బెల్లం గోరువెచ్చగా ఉన్నప్పుడు ఎక్కువ తియ్యగా అనిపించడానికీ ఇక్కడే ఒక కారణం ఉంది. 15 నుంచి 35 డిగ్రీల మధ్య వేడి పెరిగేకొద్దీ టీఆర్‌పీఎం5 మరింతగా తెరుచుకుంటుందని, ఎలుకల నాడుల్లో తీపి స్పందన కూడా పెరుగుతుందని 2005లో బెల్జియం పరిశోధకులు చూపించారు. ఆ ఛానల్ లేని ఎలుకల్లో ఆ పెరుగుదల లేదు. ఈ తీపి కబురు మొదట్లోనే ఆగిపోవచ్చు కూడా. పొడపత్రి ఆకు నమిలి బెల్లం తింటే తీపి తెలియదు కదా. అందులోని ఆమ్లాలు గ్రాహకం దగ్గరే అడ్డుపడతాయి, కాల్షియం దాకా కబురే వెళ్లదు.

ఇప్పుడు గాజు కొనకు బదులు సన్నని రంధ్రాలున్న చిప్పుల మీద వందల కణాలను ఒకేసారి పరీక్షించే ప్యాచ్ క్లాంప్ యంత్రాలు వచ్చాయి. మందుల కంపెనీలు వాటిని వాడుతున్నాయి. ఇక రుచికణాల్లో చూసిన టీఆర్‌పీఎం5 క్లోమంలో ఇన్సులిన్ వదిలే కణాల్లోనూ ఉంది. అది లేని ఎలుకల్లో గ్లూకోజు ఇచ్చాక రక్తంలో చక్కెర సరిగా అదుపులోకి రావడం లేదని 2010లో తేలింది. మధుమేహం చాలామందికి ఉన్న మన ప్రాంతానికి ఈ చిన్న ద్వారం సంగతి నాలుకతోనే ఆగేది కాదు.