వెలుగుతో వైద్యం: వారానికి ఎన్నిసార్లు?

మా మద్రసాలో చదివే ఒక బాలుని తండ్రికి మోచేతులపైన, వీపుపైన సోరియాసిస్. బోధన్ చక్కెర మిల్లు 2015లో మూతపడిన తరువాత ఆయన కోటగిరిలో హమాలీ పని చేస్తున్నారు. నమాజు వరుసలో పక్కవారు కాస్త ఎడంగా జరగడం మేమే కళ్ళారా చూశాము. ఇది అంటువ్యాధి కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ దారి తప్పి చర్మాన్ని అతివేగంగా పెరిగేలా చేయడం వల్ల వచ్చే జబ్బు. భుజానికి భుజం కలిపి నిలబడినందువల్ల ఎవరికీ ఏమీ కాదు.

పూతమందులకు లొంగకపోవడంతో వైద్యులు ఆయనకు కాంతి చికిత్స రాశారు. నిలువెత్తు పెట్టెలో నిలబడితే దాదాపు 311 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి శరీరంపై పడుతుంది. మొదట కొద్దిసేపే, ఆపైన క్రమంగా పెంచుతారు. వారానికి మూడుసార్లు రమ్మన్నారు. బస్సెక్కి నిజామాబాద్ వెళ్ళి రావడమంటే ఆ రోజు కూలి పోయినట్లే. రెండు వారాలు వెళ్ళి, నాలుగు వారాలు మానేశారు. తిరిగి వెళితే మోతాదును మళ్ళీ మొదటికి తెచ్చారు. "నా కష్టమంతా వృథా అయింది మౌలానా" అని వాపోయారు.

వృథా అనడం సరికాదు గాని, వైద్యులు చేసినది సబబే. కాంతి పడేకొద్దీ చర్మం దానికి అలవాటు పడుతుంది. ఎడబాటు వస్తే ఆ అలవాటు పోతుంది. అప్పుడు పాత మోతాదే ఇస్తే కాలి బొబ్బలెక్కుతుంది. వారంలోపు మానితే సాధారణంగా పాత మోతాదే కొనసాగిస్తారు. రెండో వారం దాటకముందే వస్తే నాలుగోవంతు తగ్గిస్తారు. మూడు వారాలు మించితే మళ్ళీ మొదలే. కనుక మూడుసార్లు కుదరనివారు ఆ మాట ముందే చెప్పి, రెండుసార్లకు ఒప్పించుకోవడం మేలు. రెండుసార్లయితే చర్మం తేరుకోవడానికి సుమారు ఒకటిన్నర రెట్ల కాలం పడుతుంది, అంతే. నయమయ్యేది నయమవుతుంది. మొత్తం మీద ఇరవై ముప్పై విడతలు అవసరం కావచ్చు.

వెలుగుతో చర్మానికి వైద్యం కొత్త సంగతేమీ కాదు. ఒక మొక్క గింజలు తినిపించి బొల్లి మచ్చలను ఎండకు చూపడం గురించి పదమూడవ శతాబ్దపు ఇబ్నుల్ బైతార్ రాశారు. ఆ మొక్క నుండి తీసిన పదార్థాన్నే 1940లలో కైరోలో అల్ ముఫ్తీ అనే వైద్యులు బొల్లికి వాడారు. 1974లో అమెరికా వైద్యులు అదే పదార్థాన్ని దీపకాంతితో జోడించి సోరియాసిస్‌కు ప్రయోగించారు. మన బావంచాలలోనూ ఆ జాతి పదార్థమే ఉన్నది. అందుకే వాటిని నూరి పూసుకుని ఎండలో కూర్చునే సొంత వైద్యం వద్దు, ఒళ్ళు కాలుతుంది.

రమజాన్‌లో మానవలసిన పని లేదు. చర్మంపై వెలుగు పడితే రోజా భంగం కాదు. పెట్టెలో కళ్ళకు నల్లద్దాలు తప్పనిసరి. పురుషులు మర్మాంగాలను కప్పుకోవాలి. స్త్రీలు మహిళా సిబ్బందిని కోరవచ్చు, సంకోచించనక్కరలేదు.

ఆయన ఇప్పుడు సోమ, గురువారాలు ఖరారు చేసుకున్నారు. ఆ రెండు రోజులూ తోటి హమాలీలు ఆయన వంతు బస్తాలు మోస్తున్నారు.