రెండు పడవల మేష్టారు

పెదపారుపూడి అనగానే 1936లో ఇక్కడ పుట్టిన రామోజీరావుగారూ, 1996లో ఆయన హైదరాబాదు దగ్గర నెలకొల్పిన ఫిల్మ్‌సిటీ గుర్తొస్తాయి. అక్కినేనివారి రామాపురం, ఎన్.టి.రామారావుగారి నిమ్మకూరు కూడా ఈ చాయలే. ఈ కాలవ నీళ్లు తాగినవాడికి సినిమా పిచ్చి పట్టిందంటే తప్పు వాడిది కాదండీ!

పగలు బడిలో ఫిజిక్సు చెబుతాను. రాత్రిళ్లు సినిమా కోర్సు చదువుతాను. "రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు కాలవలో పడతాడురా" అంటుంది అమ్మ. జీతం పగటి పడవలో, ఫీజు రాత్రి పడవలో!

ఒకనాడు కాంతి పాఠం ఎవరికీ ఎక్కలేదు. అట్టపెట్టెకు గుండుసూదితో చిల్లి పొడిచి, ఎదుటివైపు నూనె కాగితం అంటించాను. అందులో కొబ్బరిచెట్టు తలకిందులుగా ఊగింది. పుస్తకం తెరవని కుర్రాడొకడు "ఎందుకండీ?" అన్నాడు. కిరణం తిన్నగానే పోతుంది; పైనుంచి వచ్చింది కిందికి, కిందినుంచి వచ్చింది పైకి చేరుతుంది.

మరి సినిమాలో బొమ్మ కదిలేదెలా? రీళ్ల రోజుల్లో సెకనుకు 24 బొమ్మలు, అడుగున్నర ఫిల్ము. బొమ్మ మారేటప్పుడు రెక్క అడ్డుపడి తెర చీకటయ్యేది. అంటే సినిమాలో దాదాపు సగంసేపు చూసింది చీకటినే! కన్ను ఆ సంగతి మనకు చెప్పదు.

"పాఠాలు మాని సినిమాలు నేర్పుతున్నాడు" అని ఆ కుర్రాడి తండ్రి బడికొచ్చి తగువు పెట్టాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. పరీక్షలో కుర్రాడు కాంతి ప్రశ్నకు బొమ్మ గీసి మరీ రాశాడు. తండ్రి మళ్లీ వచ్చాడు, ఈసారి పెట్టెలోకి తొంగిచూడ్డానికి.

ఆ సాయంత్రం పెట్టె ఇంటికి తెచ్చాను. అమ్మ చూసి, "మీ నాన్నను తలకిందులు చేశావేంట్రా!" అని నవ్వింది. పడవల ఊసెత్తలేదు.