కాంట్రాక్టుకు గడువుంటుంది, దేవుని నిబంధనకు లేదు

ఇపోలో ఉండే మన తెలుగువాళ్లు కలిస్తే తరచుగా వినబడే ప్రశ్న ఒకటుంది: "రెన్యూవల్ అయ్యిందా?" భర్త ఉద్యోగం కాంట్రాక్టు మీద, భార్యాపిల్లల నివాసం ఆయన పాస్ మీద ఆధారపడి ఉంటాయి. ఆ కాగితం చేతికొచ్చేవరకు స్కూలు ఫీజు కట్టాలన్నా, ఇంటి అద్దె అగ్రిమెంటు పొడిగించాలన్నా భయమే. పోయిన ఏడాది మా ఇంట్లో నాలుగు నెలలు అలాగే గడిచాయి. అప్పుడే బైబిల్లోని 'నిబంధన' అనే మాటను శ్రద్ధగా చదివాను.

కాంట్రాక్టులో ఇద్దరూ షరతులు నెరవేర్చాలి. ఒకరు తప్పితే రెండోవారు తప్పుకోవచ్చు. ఆదికాండము 15వ అధ్యాయంలో కనిపించేది వేరు. ఆ కాలంలో ఒడంబడిక చేసుకునేవారు రెండుగా ఖండించిన జంతువుల మధ్యగా నడిచేవారు. మాట తప్పితే మాకూ ఇదే గతి అని దాని అర్థం. కానీ అక్కడ అబ్రాము గాఢనిద్రలో ఉన్నాడు. పొగలేచే పొయ్యి, మండే దివిటీ రూపంలో దేవుడే ఆ ఖండాల మధ్య దాటిపోయాడు. అంటే బాధ్యతంతా ఆయనే తనమీద వేసుకున్నాడు. మన విశ్వాసం తగ్గిన రోజున కూడా ఆయన నమ్మదగినవాడిగానే ఉంటాడని పౌలు తిమోతికి రాసింది కూడా ఇదే.

అయితే ఆ వాగ్దానం వెంటనే నెరవేరలేదు. పిలుపు వచ్చినప్పుడు అబ్రాముకు 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టేసరికి 100. మన ఒంగోలు చరిత్రా ఇలాంటిదే. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలైంది. ఏళ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే కావడంతో దాన్ని మూసేయాలన్న ఆలోచన కూడా వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ఐదుగురు ప్రార్థించారు. జ్యూయెట్ దంపతులతో పాటు అక్కడున్న తెలుగువాళ్లలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు ఉన్నారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని వాళ్లు వేడుకున్నారు. జాన్ క్లౌ అక్కడికి వచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత.

ఆ తర్వాతైనా అంతా సుఖంగా సాగలేదు. 1876-78లో ఘోరమైన కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంతభాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. తిండికోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

దేవుడు నమ్మదగినవాడంటే మన వీసా తప్పకుండా వస్తుందని కాదు. రాకపోవచ్చు, సామాను సర్దుకుని వెళ్లాల్సి రావచ్చు. ఎక్కడికి వెళ్లినా ఆయన మనల్ని విడిచిపెట్టడన్నదే నిబంధన. సైన్సు చదివిన మనం ఒక్క రీడింగు చూసి ఫలితం రాయం కదా! ఒక్క కష్టమైన నెలను చూసి దేవుణ్ణి అంచనా వేయడం కూడా అంతే తొందరపాటు.

ఎదురుచూసే రోజుల్లో మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. దేవుడు ఇంతవరకు నడిపించిన సందర్భాలను తేదీలతో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. మీలాగే ఎదురుచూస్తున్న మరో కుటుంబం కోసం పేరుపెట్టి ప్రార్థించండి, వీలైతే ఒకపూట భోజనానికి పిలవండి. పిల్లల దగ్గర సమస్యను దాచకుండా, వాళ్లకు అర్థమయ్యేంతవరకు చెప్పి కలిసి ప్రార్థించండి. రేపు వాళ్లు ఏ దేశంలో ఉన్నా, అమ్మానాన్న ఎవరిని నమ్ముకున్నారో వాళ్లకు గుర్తుంటుంది.