మార్కు వెనుక ఏముంది? విద్యా ప్రమాణాలకు తగిన మూల్యాంకనం ఇలా..

కొత్తకోట: గణితంలో ఇద్దరు విద్యార్థులకు 50కి 30 మార్కుల చొప్పున వచ్చాయనుకుందాం. ఒకరు లెక్క చేయగలరు గాని కారణం చెప్పలేరు. మరొకరు కారణం వివరించగలరు గాని గుణకారంలో తడబడతారు. ప్రగతి పత్రంలో మాత్రం ఇద్దరూ సమానమే. ఎవరికి ఏ అంశాన్ని మళ్లీ బోధించాలో ఆ అంకె తెలుపదు. వలసలకు పేరుపడిన పాలమూరు ప్రాంతంలో భాగమైన కొత్తకోట వంటి మండలాలకు ఈ లోపం మరింత నష్టదాయకం. పనుల కోసం తల్లిదండ్రుల వెంట వెళ్లి, విద్యా సంవత్సరం మధ్యలో తిరిగివచ్చిన బాలునికి ఏది రాదో తేలకపోతే ఆ లోటు పై తరగతులకూ వెంట వస్తుంది.

చట్టం చెబుతున్నదేమిటి?

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్, విద్యార్థి అవగాహనను, దానిని అన్వయించే శక్తిని నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని నిర్దేశించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో రూపొందిన విద్యా ప్రణాళిక పరిధి పత్రం ఆధారంగా 2012 నుంచి దశలవారీగా కొత్త పాఠ్యపుస్తకాలు వెలువడ్డాయి. ప్రతి సబ్జెక్టుకు విద్యా ప్రమాణాలు ఏర్పడ్డాయి. గణితంలో సమస్యా సాధనకు 40 శాతం, కారణాలు చెప్పడం-నిరూపణకు 20, వ్యక్తపరచడానికి 10, అనుసంధానానికి 15, ప్రాతినిధ్యపరచడానికి 15 శాతం భారత్వం కేటాయించారు. అంటే ప్రశ్నపత్రం నిండా కూడికలు, భాగహారాలే ఉంటే మిగతా 60 శాతం సామర్థ్యాలు పరీక్షకు అందకుండానే మిగిలిపోతాయి.

ఒక ప్రశ్న.. మూడు జవాబులు

‘3/4, 5/8లలో ఏది పెద్దది?’ అన్న ప్రశ్నకు ఊహించి రాసినా మార్కు వస్తుంది. దానినే ఇలా మార్చవచ్చు: ‘ఒక రైతు తనకున్న 4 ఎకరాలలో 3 ఎకరాలు, మరో రైతు తనకున్న 8 ఎకరాలలో 5 ఎకరాలు వేరుశెనగ వేశారు. తన భూమిలో ఎక్కువ వంతు వేరుశెనగ వేసిందెవరు? కారణం రాయండి.’

ఒక విద్యార్థి ‘మొదటి రైతు’ అని మాత్రమే రాస్తాడు. రెండో విద్యార్థిని బొమ్మ గీసి, 3/4 అంటే 6/8 అని చూపుతుంది. మూడో విద్యార్థి ‘3 కన్నా 5 పెద్దది కాబట్టి రెండో రైతు’ అంటాడు. మొదటి జవాబు సరైనదే అయినా కారణం తెలుసునా లేదా అన్నది తేలదు. మూడోది తప్పే అయినా, మొత్తం నుంచి వంతును విడదీసి చూస్తున్నాడని ఉపాధ్యాయునికి స్పష్టంగా తెలుపుతుంది. మర్నాటి పాఠం ఎక్కడ మొదలు కావాలో సూచించేది ఇలాంటి జవాబే.

బృందంగా ఎందుకు?

ఒకే జవాబుకు ఒక ఉపాధ్యాయుడు రెండు మార్కులు, మరొకరు నాలుగు మార్కులు వేయడం అరుదు కాదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలలో ఒకే తరగతికి బోధించే వారు కలిసి ముందుగా ప్రమాణాన్ని ఎంచుకుని, దానికి తగిన ప్రశ్న రూపొందించి, ఏ జవాబుకు ఎన్ని మార్కులో నిర్ణయించుకోవచ్చు. తరగతిలో పరీక్ష జరిపాక జవాబు పత్రాలను తెచ్చి, పేర్లు కనిపించకుండా కలిసి దిద్దితే తేడాలు బయటపడతాయి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పనిచేసేవారికి తోటివారితో చర్చించే అవకాశం ఈ సమావేశాలలోనే లభిస్తుంది.

నిర్మాణాత్మక మూల్యాంకనంలోని ప్రాజెక్టు పనులు గైడ్ల నుంచి ఎత్తిరాసినవైతే ఈ శ్రమ నిష్ఫలం. రికార్డులు నింపడమే పనిగా మారినా అంతే. విద్యార్థి తన ఊరిలో అడిగి సేకరించిన వివరాలతో రాసిన ఒక పేజీకి అందమైన అట్ట కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలి.

తల్లిదండ్రులు అడగవలసింది

2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్, మూడో తరగతి ముగిసేసరికి విద్యార్థి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. తెలంగాణలో 1 నుంచి 5 తరగతులకు 2022లో మొదలైన తొలిమెట్టు కూడా చదవడం, రాయడం, లెక్కలపైనే దృష్టి పెట్టింది. ఇంట్లో పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ చదివించి, ఏమర్థమైందో అడిగితే అక్షరాలు రాని తల్లిదండ్రులకైనా విషయం కొంత తెలుస్తుంది. ఉపాధ్యాయుని కలిసినప్పుడు ‘ఎన్ని మార్కులు వచ్చాయి?’ అన్న దానితోపాటు ‘ఏది వచ్చింది, ఏది ఇంకా రావాలి?’ అని కూడా అడగాలి. ప్రమాణాలకు తగినట్లు దిద్దిన జవాబు పత్రం ఉన్న ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పగలుగుతారు.