గేర్‌బాక్సు దించే ముందు

పాత మారుతి 800లో గేరు సరిగా పడకపోతే షెడ్డులో తరచుగా వినిపించే మొదటి మాట ‘బాక్సు దించాలి’. గరగర గేర్‌బాక్సులోంచి వస్తోంది కాబట్టి రోగమూ అక్కడే ఉంటుందనుకోవడం సహజమే. కానీ శబ్దం పుట్టే చోటు వేరు, దాన్ని పుట్టించే కారణం ఉన్న చోటు వేరు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ కారు మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరాక ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్ల చొప్పున పొడిగించుకుంటూ నడుపుకునేవాళ్లు ఉన్నారు. అలాంటి బండికి అక్కర్లేకుండా గేర్‌బాక్సు విప్పిస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఖర్చు లెక్క విని యజమాని దాన్ని తుక్కుకు అమ్మేస్తే, పదేళ్లు నడవగల బండి ఆ పూటతో ముగిసిపోతుంది. గేరు సమస్యను బయటి నుంచి లోపలికి వెతుక్కుంటూ వెళ్లాలని, బాక్సు ఆఖరున విప్పాలని నేను అనేది అందుకే. పొదుపును మించిన కారణం కూడా ఒకటుంది. లోపలి భాగాలను అరగదీసేది చాలాసార్లు బయటి లోపమే. దాన్ని అలాగే ఉంచి లోపల కొత్త సామాను వేస్తే, అదీ పాతదాని దారే పడుతుంది.

ఇది అర్థం కావాలంటే గేరు మారే క్షణంలో ఏం జరుగుతుందో చూడాలి. ఈ బాక్సులో ముందుకు నడిపే గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. మనం గేరు రాడ్డు కదిపితే చక్రాలు జరగవు. షాఫ్టు మీదున్న ఒక స్లీవు జరిగి, కావలసిన చక్రాన్ని షాఫ్టుకు కట్టేస్తుంది. అయితే అప్పటికి చక్రానిది ఒక వేగం, షాఫ్టుది మరో వేగం. రెండూ కలవకముందే స్లీవు దూరబోతే పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. మన చెవిన పడే గరగర అదే. ఆ వేగాలను కలిపే పని ఇత్తడి సింక్రో రింగుది. అది చక్రానికున్న ఏటవాలు అంచు మీద ఒత్తుకుని, చిన్న బ్రేకులా రాపిడితో వేగాన్ని సరిచేస్తుంది. సరిపోయేదాకా స్లీవును ముందుకు పోనివ్వదు. 1928లో కాడిలాక్ కార్లలో ఈ ఏర్పాటు రాకముందు డ్రైవర్లే క్లచ్ రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్లో యాక్సిలరేటర్ ఇచ్చి, వేగాలు కలుపుకునేవారు. ఇందులో మన వాదనకు పనికొచ్చే విషయం ఒకటుంది. క్లచ్ పూర్తిగా విడిపోతే సింక్రో రింగు అదుపు చేయాల్సింది క్లచ్ ప్లేటు, దానితో కలిసి తిరిగే షాఫ్టు, గేర్ల ఊపును మాత్రమే. క్లచ్ సగమే విడిపోతే ఆ చిన్న ఇత్తడి రింగు నడుస్తున్న ఇంజనుతోనే పెనుగులాడాలి. గేరు వేసిన ప్రతిసారీ అదే పెనుగులాట. ఏడాది తిరిగేసరికి రింగు అరిగిపోతుంది. బాక్సు విప్పి చూసిన మేస్త్రీకి అరిగిన రింగు కనిపిస్తుంది, అదే నేరస్థురాలని తీర్పు వస్తుంది. దాన్ని అరగదీసిన క్లచ్ మాత్రం పక్కనే తప్పించుకుంటుంది.

అందుకే మొదటి పరీక్ష క్లచ్‌కే. దీనికి పనిముట్లు కూడా అక్కర్లేదు. ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేసి చూడాలి. ఆపినప్పుడు హాయిగా పడి, ఇంజను నడుస్తుంటే మొరాయిస్తే అనుమానం దాదాపు తేలిపోయినట్టే, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. రివర్సు గేరు ఇంకా మంచి సాక్షి. మామూలుగా దానికి సింక్రో ఉండదు. బండి కదలకుండా ఉన్నప్పుడు క్లచ్ నేలదాకా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు వేయాలి. ఆ వ్యవధిలో లోపల తిరిగేవన్నీ ఆగిపోవాలి, గేరు చప్పుడు లేకుండా పడాలి. అప్పటికీ గర్రుమంటే ఇంజను ఇంకా షాఫ్టును ఈడ్చుకుంటూ తిప్పుతోందన్నమాట.

క్లచ్ ఎందుకు విడవదు? చూడటం మొదలుపెట్టాల్సింది పెడల్ కింద నుంచే. మందపాటి మ్యాట్ పెడల్‌ను చివరిదాకా పోనివ్వకపోవడం నవ్వుకునేంత చిన్న కారణం, కానీ నిజమైన కారణం. తర్వాత కేబుల్. మారుతి 800 క్లచ్ కేబుల్‌తోనే పనిచేస్తుంది. కేబుల్ లోపలి తీగపోగులు ఒక్కొక్కటే తెగుతుంటే, పైగొట్టం లోపల అరుగుతుంటే పెడల్ కదలికలో కొంత దారిలోనే పోతుంది. ఒకరు పెడల్ తొక్కుతుండగా ఇంకొకరు బానెట్ ఎత్తి, బాక్సు దగ్గర క్లచ్ లివరు ఎంత కదులుతోందో చూస్తే తెలిసిపోతుంది. అప్పుడే పెడల్ బ్రాకెట్ దగ్గరి రేకును కూడా గమనించాలి. తుప్పు తిన్న బండిలో ఆ రేకే వంగి మన కాలి బలాన్ని మింగేస్తుంది. ఇవన్నీ బాగుండి క్లచ్ విడవకపోతే అప్పుడు ప్లేటు మీద అనుమానం రావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. అలా మునిగి కదలకుండా ఉండిపోయిన బండిలో ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోవచ్చు. ఇంజను ఆపితే గేర్లు పడతాయి, స్టార్ట్ చేస్తే ఒక్కటీ పడదు. బాక్సులో పళ్లు కొత్తవాటిలా ఉన్నా లక్షణం మాత్రం గేర్‌బాక్సు చెడిపోయినట్టే కనిపిస్తుంది.

ఇంజను ఆపినా గేరు బిగుసుగానే ఉంటే, లేదా రాడ్డు గంజిలో గరిటెలా అటూ ఇటూ వదులుగా ఆడుతుంటే, అప్పుడు లింకేజీ సంగతి చూడాలి. ఈ కారులో గేరు రాడ్డుకూ బాక్సుకూ మధ్య బండి కింద ఒక షాఫ్టు, దానికి తోడుగా ఎక్స్‌టెన్షన్ రాడ్డు ఉంటాయి. వాటి కీళ్ల దగ్గర చిన్న బుష్‌లు ఉంటాయి. లెక్క చాలా సులువు. బాక్సులో స్లీవు మొత్తం ప్రయాణం సెంటీమీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది. అరిగిన బుష్‌ల వల్ల అందులో రెండు మూడు మిల్లీమీటర్లు పోయినా స్లీవు చివరిదాకా చేరదు. పళ్లు పూర్తిగా కూర్చోకుండా అంచులతోనే పట్టుకుని లాగుతాయి. లోడు పడ్డప్పుడు ఆ అంచులు గుండ్రంగా అరుగుతాయి, కొన్నాళ్లకు గేరు తనంతట తానే న్యూట్రల్‌లోకి జారిపోతుంది. ఇంజను మౌంటింగుల రబ్బరు పగిలినా అంతే. యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడల్లా ఇంజనూ బాక్సూ కలిసి ఊగి లింకేజీని లాగేస్తాయి. గేరు జారిపోతోందని బాక్సు విప్పి కొత్త చక్రం వేయించి, పాత బుష్‌లే ఉంచితే ఆ కొత్త పళ్లూ అంచులతోనే పనిచేస్తాయి. అతి చవకైన సామాను అతి ఖరీదైన సామానును తినేయడమంటే ఇదే.

గేరు ఆయిల్ గురించి ఎవరూ పెద్దగా అడగరు. ఇంజను ఆయిల్ లెక్కగా మార్చేవాళ్లు కూడా గేరు ఆయిల్ కంపెనీలో పోసిందే శాశ్వతం అనుకుంటారు. డ్రెయిన్ బోల్టు విప్పే ముందు ఆయిల్ పోసే బోల్టు విప్పి చూడటం మంచిది, ఉన్నదంతా కిందికి వదిలాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే చిక్కుకుపోతుంది. బయటికొచ్చిన ఆయిల్ చాలా చెబుతుంది. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి. అయస్కాంతానికి బూడిదరంగు మెత్తని ముద్ద అంటుకుంటే అది మామూలు అరుగుదల. పసుపుపచ్చ మెరుపు కనిపిస్తే సింక్రో రింగుల ఇత్తడి. ఇనుప పెచ్చులు తగిలితే ఇక వాదన అక్కర్లేదు, పన్ను విరిగింది, బాక్సు విప్పాల్సిందే. కొత్త ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద అంకె ముఖ్యం. జీఎల్-5 పెద్దది కాబట్టి జీఎల్-4 కన్నా మంచిదనే నమ్మకం చాలామందిలో ఉంది. అది పొరపాటు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ, వెనక యాక్సిల్‌లో పళ్లు జారుతూ నలిగే హైపాయిడ్ గేర్ల కోసం చేసింది అది. సింక్రో రింగుకు కావలసింది రాపిడి. అతిగా జారే ఆయిల్‌లో అది పట్టు దొరక్క జారుతుంది, కొన్ని మందులు ఇత్తడినే తింటాయి. మారుతి 800లో డిఫరెన్షియల్ బాక్సులోనే ఉన్నా, అందులో ఉన్నవి హైపాయిడ్ గేర్లు కావు. దానికి జీఎల్-4 చాలు.

ఇలా బయటి నుంచి వెతుక్కుంటూ వెళ్లడానికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చేయి తిరిగిన మేస్త్రీలు శబ్దం వినే చెప్పేస్తారు కదా, ఈ పరీక్షలన్నీ ఎందుకని. వాళ్ల చెవిని నేను తక్కువ చేయను. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు ఝుమ్మని, తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్టు బేరింగని, తొక్కినప్పుడు మాత్రమే మోగితే రిలీజ్ బేరింగని వాళ్లు తడుముకోకుండా చెబుతారు, సాధారణంగా అది నిజమవుతుంది. కానీ గేరు వేసేటప్పటి గరగర అలాంటిది కాదు. క్లచ్ విడవకపోయినా, రింగు అరిగినా, తప్పు ఆయిల్ పోసినా శబ్దం ఒకటే. చెవి చెప్పగలిగేది పళ్లు కొరుక్కుంటున్నాయని మాత్రమే, ఎందుకో చెప్పలేదు. ఇంకో అభ్యంతరం, ఎలాగూ దించుతున్నాం కాబట్టి అన్నీ మార్చేస్తే పోలా అని. క్లచ్ విషయంలో ఆ మాట సరైనదే. అక్కడ కూలీయే ఎక్కువ, కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి మార్చాలి. బాక్సు లోపలికి అదే తర్కం వర్తించదు. ఏళ్ల తరబడి కలిసి అరిగిన పళ్లు ఒకదానికొకటి అలవాటు పడి ఉంటాయి. ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని ఉంచితే కొత్త మోత మొదలవుతుంది. బేరింగుల వెనక పెట్టే పల్చని షిమ్‌లు తేడాగా పడినా, షెడ్డు దుమ్ము లోపల చేరినా, విప్పక ముందే బాగుండేదనిపిస్తుంది.

లోపలే లోపం ఉన్నప్పుడు కూడా దాన్ని రుజువు చేసుకుని విప్పవచ్చు. ఒక్క గేరే, ఉదాహరణకు రెండోదే, గరగరమంటూ మిగతావి బాగుంటే క్లచ్ దాదాపు నిర్దోషి. అప్పుడు పాతకాలపు డ్రైవర్ల పద్ధతిలో క్లచ్ రెండుసార్లు తొక్కి వేసి చూడాలి. అలా వేస్తే చప్పుడు లేకుండా పడిందంటే చక్రం బాగుంది, రింగే అరిగింది. ఆ కిటుకుకే అలవాటు పడి ఏళ్లు గడిపేయడం మాత్రం మంచిది కాదు, ఒక్కసారి తొందరలో మరిచిపోయినా దెబ్బ పళ్లకే.

బాక్సు దించక తప్పని రోజున యజమాని దగ్గరుండి చూడాల్సినవి ఉన్నాయి. ఫ్లైవీలు ముఖం మీద నీలపు మచ్చలు, గీతలు ఉన్నాయా, ఇంజను వెనక ఆయిల్ సీలు కారి ప్లేటును తడుపుతోందా, ఇన్‌పుట్ షాఫ్టు గాళ్ల మీద ప్లేటు సాఫీగా జారుతోందా, లేక తుప్పుకు పట్టేస్తోందా అన్నవి. అన్నీ బిగించాక కేబుల్ సర్దుబాటు మళ్లీ మొదటి నుంచి చేయించాలి. పాత ప్లేటు అరిగే కొద్దీ పెడల్ వదులు తగ్గుతూ వస్తుంది, దాన్ని నిలబెట్టడానికి కేబుల్ నట్టును వదులు చేస్తూ వచ్చి ఉంటారు. కొత్త ప్లేటు పడ్డాక ఆ వదులు ఒక్కసారిగా ఎక్కువైపోతుంది. నట్టును పాత చోటే ఉంచి బండి ఇచ్చేస్తే, అన్నీ కొత్తవే వేసినా ఫస్ట్ గేరు మళ్లీ గరగరమంటుంది.