బొమ్మవిమానముల వనభోజనము

కార్తికమాసమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయుట మన యిండ్లలో పాతయాచారమే. ఈ దినములలో దానికి జతగా క్రొత్త వినోదమొకటి కూడినది. నేలమీద నిలిచి, చేతిలోని పెట్టెనుండి పంపు రేడియో తరంగములచే చిన్నవిమానములను నడుపు వేడుకగాండ్రు సెలవుదినమున ఆలుబిడ్డలతో ఊరివెలుపలి బయలునకు బోయి, ప్రొద్దెక్కువఱకు విమానములాడించి, తమలో తాము స్నేహముగా పందెములు పెట్టుకొని, పిదప చాపలు పఱచి భోజనము చేయుదురు. ఇట్టి విహారములందు మగవారిచేత విమానమును, ఆడువారిచేత పులిహోర డబ్బాయు నుండుట సామాన్యము. ఈ పంపకము న్యాయమేనా యని సోదరీమణుల నడుగుటకే మేమిది వ్రాయుచున్నాము.

ఇంతకును ఊరు విడిచి పోనేల? కాచిగూడ మిద్దెల నడుమ చోటు లేదనుట నిజమే. కాని తార్నాక దాపున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణము కలదు గదా! 1918లో వెలసిన ఆ విశ్వవిద్యాలయమున, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కాలేజి రాతిభవనము ముందు నిలిచి చూచిన యెవరికైనను, బొమ్మవిమానమున కింతకన్న మంచి తావు దొరకదనియే తోచును. చిక్కు నేలతో గాదు, ఆకాశముతోనే. బేగంపేట విమానాశ్రయము అచటికి మిక్కిలి దూరము గాదు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱచిన పిదప ప్రయాణికుల విమానములు అటు మరలినను, బేగంపేట రన్‌వే మూతపడలేదు. 2021 నాటి డ్రోను నియమముల ప్రకారము, పనిచేయుచున్న విమానాశ్రయపు సరిహద్దునకు 8 కిలోమీటర్లలోపల అనుమతి లేక యెగురవేయరాదు. 8 మొదలు 12 కిలోమీటర్లవఱకు 200 అడుగులు, అంతకు దవ్వున నిషేధము లేనిచోట 400 అడుగులు ఎత్తునకు మితి. వినోదమునకై యెగురవేయు 2 కిలోగ్రాములలోపు దానికి పైలటు లైసెన్సు అక్కఱలేదు గాని, ప్రభుత్వమువారి డిజిటల్ స్కై పటములో ఆకుపచ్చ చోటెక్కడనో చూచుకొని పోవలసినదే. అందుచేతనే ఈ ప్రయాణము; అందుచేతనే ఈ చద్దిమూట.

విమానమన్నంతమాత్రమున అది మన చేతిపనికి మించినదని వెనుదీయ నక్కఱలేదు. చవుకరకమును థర్మోకోలు అట్టతో చేయుదురు. మేలురకమును బాల్సా యను మిక్కిలి తేలికయైన కఱ్ఱతో ఎముకలగూడువలె కూర్చి, పైన పలుచని కాగితమునో పొరనో బిగింతురు. ముక్కున మోటారు, ప్రొపెల్లరు. కడుపులో బ్యాటరీ, తరంగముల నందుకొను రిసీవరు. రెక్కలకును తోకకును గల ఆకులను కదలించు చిన్నయంత్రములు. అన్నిటికన్న ముఖ్యము తూకము. రెక్క వెడల్పులో ముందంచునుండి సుమారు మూడవవంతు దూరమున, ఇరుప్రక్కల వ్రేలికొనల నానించి యెత్తినచో విమానము సమముగా నిలువవలెను. తోక బరువైనచో లేచిన కొలదిక్షణములకే తల యెగురవైచి కూలును. గుడ్డ కత్తిరించుట, ముడుత లేక బిగించుట, ఎత్తు తూచుట ఎఱిగిన చేతులకు ఇది యంత క్రొత్తవిద్యయా?

విమానమును కనిపెట్టిన రైటు సోదరుల కథలోనే దీనికి జవాబున్నది. 1878లో తండ్రి తెచ్చియిచ్చిన యెగురుబొమ్మను చూచి వారికి ఆసక్తి పుట్టెనని యందఱు నెఱుగుదురు. వెదురు, బెండు, కాగితము, రబ్బరుపట్టీలతో చేసిన బొమ్మ యది. కాని యింటిలో పనిముట్లు పట్ట నేర్చినది తల్లి సుసాన్. పిల్లల యాటవస్తువులను తానే చేసియిచ్చెడిది. 1900లో విల్బర్ రైటు కిట్టీహాకను సముద్రతీరపు పల్లెకు గ్లైడరుతో వచ్చినపుడు, రెక్కలగుడ్డను చిన్నదిగా మార్చి కుట్టవలసివచ్చెను. అప్పుడు అక్కఱకు వచ్చినది ఆ యూరి టేటు అనునతని భార్య కుట్టుమిషను. ప్రయోగములు ముగిసి వారు గ్లైడరును విడిచి పోగా, ఆ యిల్లాలు రెక్కల సాటినుగుడ్డను విప్పి తన కూతుండ్రిద్దఱికిని గౌనులు కుట్టినది. మంచిగుడ్డను ఇసుకపాలు కానిచ్చునా!

ఇక పందెములు. సున్నముతో వలయము గీసి దానిలో విమానమును దింపుట యొకటి. మోటారు ఆపి, సరిగా అనుకొన్నన్ని క్షణములకే నేల తాకించుట యింకొకటి. కఱ్ఱలకు కట్టిన బుడగలను పగులగొట్టుటయు, ఒకరి విమానపు తోకకు కట్టిన కాగితపు రిబ్బనును ఇంకొకరు తెంపుటయు పిల్లలకు ప్రీతి. ఈ కడపటిది మన సంక్రాంతి గాలిపటముల పేంచి వంటిదే. మా మట్టుకు మాకు దింపుడు పందెమే ఘనమైనదిగా తోచును. పైకి లేపుట యెవరైనను చేయుదురు; మెల్లగా, గాలి కెదురుగా, రెక్క వాలనీయక దింపుటలోనే నేర్పు బయటపడును. విమానము మనవైపు వచ్చునపుడు కుడియెడమలు తాఱుమాఱగును. క్రొత్తవారు తడబడునది యిచ్చటనే. ఏ రెక్క క్రిందికి వాలునో, ఆ వైపునకే పెట్టెమీది పుల్లను నెట్టవలెనని పెద్దలు చెప్పు ఉపాయము. అద్దములో చూచుకొని జడ వేసికొను వారికి ఇది త్వరలోనే పట్టుపడునని మా నమ్మకము.

మునుపు ఒకే తరంగమున నిద్దఱు పెట్టెలు తెఱచినచో ఒకరి విమానము కూలిపోయెడిది. అందుచే మైదానమున ఒక పలక నిలిపి, తరంగమున కొక పిన్ను చొప్పున నుంచెడివారు. పిన్ను చేతనున్నవారే మీట తిప్పవలెను. ఇప్పటి పెట్టెలు తమ రిసీవరునే గుర్తించును గనుక ఆ బాధ తీఱినది. తీఱనివి వేఱు కలవు. ప్రొపెల్లరు చిన్నదైనను వ్రేలు తెగగోయును. బ్యాటరీ తగిలించిన విమానమును పసివారి యందుబాటున నుంచరాదు. చూచువారందఱు ఎగురవేయువారి వెనుకనే కూర్చుండవలెను. లిథియం బ్యాటరీ ఉబ్బినచో మఱల వాడరాదు. ఛార్జికి పెట్టి నిద్రపోరాదు, వంటింట గ్యాసుబండ చెంత ఛార్జి చేయనే రాదు. ఈ విషయమున మగవారి మాట వినక గృహిణులు పట్టుపట్టుట మంచిది.

సంక్రాంతికి కాచిగూడ మేడలపై తమ్ముడు గాలిపటము నెగురవేయ, అక్క చరఖా పట్టుకొని నిలుచుండుట మనమెఱిగినదే. దారము వదలుట, చుట్టుట ఆమె పని. తెంపిన కీర్తి అతనిది. బొమ్మవిమానముల చెంతను ఇదే జరుగుచున్నది. ఈ హైదరాబాదు మాత్రము ఒకప్పుడు ఇందుకు భిన్నముగా నడిచినది. 1947లో వాణిజ్యవిమానముల పైలటు లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ గారిని పలు సంస్థలు స్త్రీయని త్రోసిపుచ్చగా, పనియిచ్చినది ఈ నగరపు దక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆమె జాతీయ విమానపందెమున గెలిచినది. నేడు ఎన్.సి.సి. వైమానిక విభాగమున చేరిన బాలికలకు బొమ్మవిమానములు చేయుటయు నెగురవేయుటయు శిక్షణలో భాగమే. కాలేజి పిల్లకు ఆ దారి యున్నది. తల్లికి, అత్తకు ఆదివారపు మైదానమే బడి.

నేర్చుటకు మంచి సాధనమును గలదు. గురువు పెట్టెను, శిష్యురాలి పెట్టెను జతపఱుతురు. గురువు ఒక మీటను పట్టియున్నంత సేపు విమానము ఆమె చేతిలో నుండును. తప్పుదారి పట్టినంతనే అతడు మీట విడిచి తానందుకొనును. కూలునను భయము సగము పోవును. పది గంటలు దాటిన పిదప ఎండవేడికి గాలి చెదరును గనుక, నేర్చువారి వంతు ప్రొద్దుటనే రావలెను. పులిహోర ముందురాత్రియే కలిపి యుంచుకొని, లేదా ఆ పని మగవారి కప్పగించి, మొదటి బ్యాటరీని తమకై అడిగి పెట్టుకొనవలెను.